‘అన్‌ఫిట్’: గోదావరిఖని బొగ్గుగనుల్లో వైకల్యం, మానసిక క్షేమం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వైకల్యాన్ని వైద్యశాస్త్రం ఒక విధంగా, చట్టం మరొక విధంగా నిర్వచిస్తాయి. సింగరేణి బొగ్గుబెల్టులో ఈ రెండింటితోపాటు కార్మిక కుటుంబాల వాడుకలో స్థిరపడిన మూడో నిర్వచనం ఒకటి ఉంది. అది ‘అన్‌ఫిట్’ అనే మాటలో ఇమిడి ఉంది. రామగుండం – గోదావరిఖని ప్రాంతం ఆధారంగా ఈ భావన ఏర్పడిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరిహార చట్టాలు, వేతన ఒప్పందాలు, వైకల్య హక్కుల చట్టాలు భిన్న ప్రయోజనాల కోసం శరీరాన్ని కొలిచాయి. ఈ కొలతల నడుమ వైకల్యం ఒక మనిషి జీవనస్థితిగా కాక, ఉద్యోగం తండ్రి నుంచి బిడ్డకు సంక్రమించే ద్వారంగా మారింది. ఫలితంగా మానసిక క్షేమం అన్ని లెక్కలకూ వెలుపల ఉండిపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సింగరేణి, గోదావరిఖని, వైకల్యం, మెడికల్ బోర్డు, కారుణ్య నియామకం, మానసిక క్షేమం, పరిహార చట్టం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో వైకల్యాన్ని సూచించే పదాలకు ఒక చరిత్ర ఉంది. అవయవాన్ని బట్టి మనిషికి పేరు పెట్టిన పాత మాటల స్థానంలో ‘వికలాంగుడు’ వచ్చింది. ఇటీవలి కాలంలో ప్రభుత్వ వ్యవహారంలో ‘దివ్యాంగుడు’ చేరింది. బొగ్గుబెల్టులో మాత్రం ఈ రెండింటికంటె బలంగా వినిపించే మాట ‘అన్‌ఫిట్’. ఆంగ్లంలో అనర్హతను సూచించే ఈ పదం ఇక్కడి వాడుకలో విశేషమైన క్రియారూపాన్ని పొందింది. కార్మికుడు ‘అన్‌ఫిట్ అయిండు’ అని అనడం ఎంత సహజమో, ‘అన్‌ఫిట్ చేయించుకున్నడు’ అని అనడమూ అంతే సహజం. వైకల్యం దైవవశాన ప్రాప్తించేదిగా కాక, ప్రయత్నించి సాధించుకొనేదిగా ఒక భాషాప్రయోగంలోకి ఎందుకు వచ్చిందన్నదే ఈ వ్యాసానికి మూలప్రశ్న.

వైకల్య అధ్యయనాల్లో ఈ ప్రశ్నకు ఉపకరించే సిద్ధాంత నేపథ్యం ఉంది. బ్రిటన్‌లో మైకేల్ ఆలివర్ 1990లో ప్రచురించిన ‘ది పాలిటిక్స్ ఆఫ్ డిజేబుల్‌మెంట్’ వైకల్యాన్ని వ్యక్తి శరీరంలో కాక సమాజ నిర్మాణంలో చూడాలని వాదించింది. అంతకు ముందే, 1984లో, డెబొరా స్టోన్ ‘ది డిజేబుల్డ్ స్టేట్’ అనే గ్రంథంలో వైకల్యాన్ని ఒక పరిపాలనా వర్గంగా విశ్లేషించారు. పని చేసి బతకవలసినవారు ఎవరు, పని చేయకుండానే సహాయం పొందదగినవారు ఎవరు అనే సరిహద్దును గీయడానికి రాజ్యం వైకల్యాన్ని వాడుకుంటుందనేది ఆమె ప్రతిపాదన. గోదావరిఖనిలో ఆ సరిహద్దు మీద మరొక వ్యక్తి కూడా నిలిచి ఉంటాడు. అతడు ఉద్యోగం కోసం ఎదురుచూసే వారసుడు. స్టోన్ చెప్పిన రెండు పక్షాల చిత్రం ఇక్కడ మూడు పక్షాలదిగా మారుతుంది.

2. గని, పట్టణం, శరీరం

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులను పొందింది. 1889లో ఉత్పత్తి మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పాటైంది. 1945లో హైదరాబాద్ రాజ్యం మెజారిటీ వాటాలను కొన్నది. 1956లో ఆ వాటాలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంక్రమించగా, 1960లో కేంద్రం భాగస్వామిగా చేరింది. నేడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి.

గోదావరి ఒడ్డున ఉన్న రామగుండం ప్రాంతంలో గనుల విస్తరణ 1960ల నుంచి వేగం పుంజుకొంది. గని పేరే పట్టణం పేరుగా గోదావరిఖని వెలసింది. ఇంక్లైన్ల సంఖ్యలే కాలనీల పేర్లయ్యాయి. పరిసర జిల్లాల వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన యువకులు ‘బాయి’ పనిలో చేరారు. కోల్ ఫిల్లర్, కోల్ కట్టర్, ట్రామర్, టింబర్‌మన్ వంటి పనుల్లో శరీరమే ప్రధాన పనిముట్టు. వంగి నడవడం, తట్టలతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపడం, తడిలో, ధూళిలో, చీకటిలో షిఫ్టు గడపడం నిత్యకృత్యాలు. నడుము, మోకాళ్ళు, ఊపిరితిత్తులు, చెవులు క్రమంగా అరిగిపోయే ఈ వృత్తిలో ప్రమాదం వల్ల కలిగే వైకల్యానికీ, కాలక్రమంలో పేరుకొనే వైకల్యానికీ తేడా ఉంది. మొదటిదానికి తేదీ ఉంటుంది, సాక్షులుంటారు. రెండోదానికి రెండూ ఉండవు. ఈ తేడా తర్వాతి చరిత్రనంతటినీ ప్రభావితం చేసింది.

3. షెడ్యూలులోని శరీరం

భారతదేశంలో పని ప్రదేశపు గాయానికి వెలకట్టిన తొలి సమగ్ర శాసనం 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం. 2009 సవరణ దీనిని ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టంగా మార్చింది. దీని మొదటి షెడ్యూలు శరీరాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగపు నష్టానికి సంపాదన శక్తిలో ఎంత శాతం తగ్గుతుందో నిర్ణయించింది. బొటనవేలు పోతే 30 శాతం. ఒక కన్ను పోయి రెండో కన్ను మామూలుగా ఉంటే 40 శాతం. ఒక చేతి నాలుగు వేళ్ళు పోతే 50 శాతం. రెండు చేతులు పోయినా, పూర్తిగా చెవుడు వచ్చినా 100 శాతం. మూడో షెడ్యూలు వృత్తి వ్యాధులను పేర్కొంది. ఖనిజధూళి వల్ల కలిగే ఊపిరితిత్తుల వ్యాధులు అందులో ఉన్నాయి.

ఈ చట్టం కార్మికునికి చేసిన మేలును తక్కువగా అంచనా వేయరాదు. యజమాని దయపై ఆధారపడిన విషయాన్ని అది హక్కుగా మార్చింది. కానీ దాని కొలమానం సంపాదన శక్తి మాత్రమే. శాశ్వత సంపూర్ణ వైకల్యానికి నెలసరి వేతనంలో 60 శాతాన్నీ, మరణానికి 50 శాతాన్నీ వయస్సును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చవేసి పరిహారం లెక్కిస్తారు. బతికి ఉన్న మనిషికి ఎక్కువ కావాలన్న స్పృహ ఈ తేడాలో కనిపిస్తుంది. అయితే ఆ ‘ఎక్కువ’ ఏ జీవితావసరాలకు అన్న ప్రశ్న చట్టంలో లేదు. భయం, నిద్రలేమి, సహచరుని మరణం చూసిన తర్వాత గనిలోకి దిగలేకపోవడం వంటి స్థితులకు మొదటి షెడ్యూలులో పంక్తి లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి కూడా గాయాల జాబితా పద్ధతినే కొనసాగించింది.

4. ఫారం-ఓ నుంచి మెడికల్ బోర్డు దాకా

1952 నాటి గనుల చట్టం, 1955 నాటి గనుల నియమాలు మరొక కొలతను ప్రవేశపెట్టాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు ప్రాథమిక వైద్యపరీక్ష, తర్వాత నిర్ణీత వ్యవధిలో ఆవర్తన వైద్యపరీక్ష తప్పనిసరి అయ్యాయి. ఈ పరీక్ష ఫలితాన్ని నమోదు చేసే పత్రం ఫారం-ఓ. పరిహార చట్టం ‘ఎంత పోయింది?’ అని అడిగితే, ఫారం-ఓ ‘పనికి వస్తాడా?’ అని అడుగుతుంది. మొదటి ప్రశ్నకు శాతాల్లో జవాబుంటుంది. రెండో ప్రశ్నకు జవాబు తుదకు ఫిట్ లేదా అన్‌ఫిట్.

ఈ రెండు మాటలకు సామాజిక విలువను కల్పించినది జాతీయ బొగ్గు వేతన ఒప్పందం. 1975 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన తొలి ఒప్పందం మొదలుకొని ఈ ఒప్పందాలు బొగ్గు కార్మికుల వేతనాలనూ సంక్షేమాన్నీ నిర్దేశించాయి. వీటిలోని 9.3.2 నిబంధన సర్వీసులో మరణించిన కార్మికుని ఆశ్రితుల్లో ఒకరికి ఉద్యోగం కల్పిస్తుంది. 9.4.0 నిబంధన శాశ్వత వైకల్యం వల్ల ఉద్యోగం కోల్పోయిన కార్మికుని స్థానంలో ఆశ్రితునికి ఉద్యోగం కల్పిస్తుంది. గాయం, వ్యాధి మాత్రమే కాక సాధారణ శారీరక దౌర్బల్యాన్ని కూడా ఈ నిబంధన పరిగణించింది. అయితే దానికి 58 ఏళ్ళ వయోపరిమితి విధించింది.

దౌర్బల్యాన్ని గుర్తించడం ప్రగతిశీలమైన అంశం. తేదీ, సాక్షి లేని అరుగుదలకు తొలిసారి ఒక స్థానం దొరికింది. అయితే ఆ గుర్తింపుకు ప్రతిఫలం కార్మికుని చికిత్సగా గానీ, అనువైన పనిగా గానీ రాలేదు. వారసుని ఉద్యోగంగా వచ్చింది. అందువల్ల 58 ఏళ్ళు నిండేలోపు శరీరం తన అశక్తతను నిరూపించుకోవలసిన ఒత్తిడి ఏర్పడింది. గోదావరిఖని నుంచి కొత్తగూడెంలోని మెడికల్ బోర్డుకు వెళ్ళే కార్మికునికి ‘ఫిట్’ అన్న తీర్పు ఇంటిల్లిపాదికీ నిరాశను మోసుకొచ్చే వార్త అయింది. ఆరోగ్యంగా ఉన్నావని వైద్యుడు చెప్పగా దుఃఖించే పరిస్థితిని కార్మికుని మోసబుద్ధికి ముడిపెట్టడం చరిత్రను తలకిందులుగా చదవడమే. ఆ పరిస్థితిని సృష్టించినది నిబంధన.

1990ల్లో ఈ ఒత్తిడి మరింత పెరిగింది. సంస్థ నష్టాలతో బి.ఐ.ఎఫ్.ఆర్. పరిశీలనకు వెళ్ళింది. లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య ఆ తర్వాతి దశాబ్దాల్లో తగ్గుతూ 2020ల నాటికి నలభై వేల పరిసరాలకు చేరింది. ఓపెన్‌కాస్ట్ గనులూ యంత్రాలూ పెరిగాయి. సాధారణ నియామకాలు కుంచించుకుపోయిన కొద్దీ తండ్రి శరీరమే ఉద్యోగానికి మిగిలిన దారి అయింది.

5. ఎదురెదురుగా రెండు న్యాయాలు

ఇదే కాలంలో దేశంలో వైకల్య హక్కుల ఉద్యమం మరొక న్యాయసూత్రాన్ని సాధించింది. 1996 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చిన 1995 నాటి వికలాంగుల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. అతడు చేస్తున్న పనికి తగకపోతే అదే వేతనంతో మరో పనికి మార్చాలి. అటువంటి ఖాళీ లేకపోతే అదనపు పోస్టునైనా సృష్టించాలి. పని స్వభావాన్ని బట్టి ఏదైనా సంస్థను మినహాయించే అధికారాన్ని మాత్రం చట్టం ప్రభుత్వానికి మిగిల్చింది. 2003లో కునాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌కు బలమైన వ్యాఖ్యానం చేసింది. ఇన్‌వాలిడ్ పెన్షన్ ఇచ్చినంత మాత్రాన ఉద్యోగిని తొలగించడం సమర్థనీయం కాదని తేల్చింది. 2007లో భారతదేశం ఐక్యరాజ్యసమితి వైకల్య హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 2016 నాటి చట్టం వైకల్యాల సంఖ్యను ఏడు నుంచి 21కి పెంచి, 20వ సెక్షన్‌లో ఈ రక్షణను కొనసాగించింది.

ఇక్కడ రెండు న్యాయాలు ఎదురెదురుగా నిలుస్తాయి. హక్కుల చట్టం వైకల్యం పొందిన మనిషిని పనిలోనే ఉంచాలంటుంది. వేతన ఒప్పందం ఆ మనిషి తప్పుకొంటే అతని బిడ్డను తీసుకుంటామంటుంది. మొదటిదాని కేంద్రం వ్యక్తి. రెండోదాని కేంద్రం కుటుంబం. బొగ్గుబెల్టు కుటుంబం రెండోదానినే ఎంచుకోవడానికి కారణాలు స్పష్టమైనవి. లైట్ జాబ్‌కు, సర్ఫేస్ పనికి మారిన కార్మికునికి అండర్‌గ్రౌండ్ అలవెన్సు ఉండదు. అతని పదవీ విరమణ తర్వాత ఇంట్లో ఉద్యోగమూ ఉండదు. మిగిలిన కొద్దిపాటి సర్వీసుకు బదులు కొడుకుకు దశాబ్దాల సర్వీసు దొరకడం ఏ గృహస్థుకైనా అర్థమయ్యే లెక్క.

2017 సంవత్సరం ఈ వైరుధ్యాన్ని స్పష్టంగా బయటపెట్టింది. సింగరేణి తలపెట్టిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలకు విరుద్ధమని కొట్టివేసింది. సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. వైద్యకారణాలతో అనర్హులైనవారి కుటుంబాలకు కారుణ్య నియామకం మాత్రమే చట్టసమ్మతమైన మార్గంగా మిగిలింది. అదే సంవత్సరం ఏప్రిల్ 19న 2016 నాటి వైకల్య హక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. వైకల్యం ఉన్నా పనిహక్కు పోదని దేశమంతటికీ శాసనం ప్రకటించిన ఏడాదే, పనిని వదులుకొనేంత వైకల్యాన్ని నిరూపించుకుంటేనే బిడ్డకు ఉద్యోగమన్న స్థితి బొగ్గుబెల్టులో ఖరారైంది.

6. లెక్కకు రాని మనస్సు

బొగ్గుగనుల చరిత్రలో మనస్సుకూ శరీరానికీ నడుమ ఉన్న సరిహద్దు ఎప్పుడూ వివాదాస్పదమే. బ్రిటన్‌లో ‘మైనర్స్ నిస్టాగ్మస్’ అనే వ్యాధి ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. మసక వెలుతురులో పని చేసే కార్మికుల కనుగుడ్లు అదుపు లేకుండా కదలడం, తలనొప్పి, ఆందోళన దీని లక్షణాలు. 1907లో అది పరిహార జాబితాలో చేరింది. 1922 నుంచి మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ సంఘం దానిపై నివేదికలు ఇచ్చింది. దాని తీవ్రరూపం కంటి జబ్బు కాదనీ, మానసిక వ్యాధి అనీ మిలే కల్పిన్ వంటివారు వాదించారు. ఇందులో గమనింపదగిన అంశం ఒకటుంది. కనుగుడ్డు కదలిక అనే శారీరక చిహ్నం ఉన్నందువల్లనే ఆ కార్మికుల మనోవ్యథకు పరిహారపు తలుపు తెరుచుకుంది.

1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో బొగ్గు వ్యర్థాల గుట్ట జారి పాఠశాల మీద పడి 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు మరణించారు. తరువాత సహాయనిధి నుంచి తల్లిదండ్రులకు సొమ్ము ఇచ్చే ముందు, వారు చనిపోయిన బిడ్డకు ఎంత సన్నిహితులో విచారించాలని చారిటీ కమిషన్ సూచించడం తీవ్ర విమర్శకు గురైంది. దుఃఖాన్ని పరిపాలన కొలవబోయినప్పుడు ఎంత అమానుషంగా ప్రవర్తించగలదో ఈ ఘటన చూపింది. దుఃఖాన్ని అసలు పట్టించుకోకపోవడం దీనికి విరుగుడు కాదు.

గోదావరిఖనిలో 2003 జూన్ 16న 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించారు. అటువంటి ప్రమాదంలో మరణాలు నమోదవుతాయి, గాయాలు షెడ్యూలు ప్రకారం లెక్కకు వస్తాయి. ఒంటిమీద గాయం లేకుండా బయటపడి, మరుసటి షిఫ్టుకు మస్టర్ పడవలసిన కార్మికుడు ఏ జాబితాలోనూ ఉండడు. 1980లోనే అమెరికన్ మనోవైద్య సంఘం తన వర్గీకరణలో ఆఘాతానంతర మనోవ్యథను రోగంగా గుర్తించింది. 1995, 2016 చట్టాలు రెండూ మానసిక రుగ్మతను వైకల్యంగా పేర్కొన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కుగా ప్రకటించింది. అయినా పరిహారపు జాబితాకు కావలసినది ఎక్స్‌రేలోనో, ఆడియోగ్రామ్‌లోనో, తెగిన అవయవంలోనో కనిపించే నష్టమే.

మానసిక క్షేమం ప్రమాద సమయాలకే పరిమితమైన విషయం కాదు. ఇంగ్లండు బొగ్గుగనుల్లో లాంగ్‌వాల్ పద్ధతి తెచ్చిన మార్పులపై ఎరిక్ ట్రిస్ట్, పూర్వం గని కార్మికుడైన కెన్ బామ్‌ఫోర్త్ 1951లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో మైలురాయి. పాత పద్ధతిలో చిన్న జట్టు తన పనిని తానే నడుపుకొనేది, ఆపదలో ఒకరికొకరు అండగా ఉండేది. లాంగ్‌వాల్ ఆ జట్టును వేర్వేరు షిఫ్టులుగా విడదీయడంతో ఆందోళన, గైర్హాజరీ పెరిగాయని వారు నిరూపించారు. గోదావరిఖని గనుల్లో 1980ల్లో లాంగ్‌వాల్ ప్రవేశించి, తరువాత అడ్రియాల ప్రాజెక్టు రూపంలో విస్తరించింది. తట్ట పట్టిన జట్టు స్థానంలో యంత్రాన్ని అనుసరించే ఒంటరి కార్మికుడు వచ్చాడు. ఇక్కడి గైర్హాజరీని క్రమశిక్షణ సమస్యగా మాత్రమే చూసే దృష్టికి ట్రిస్ట్, బామ్‌ఫోర్త్‌ల వ్యాసం మంచి ప్రత్యామ్నాయం.

7. ఇల్లు, స్త్రీ, కాంట్రాక్టు కార్మికుడు

అన్‌ఫిట్ అయిన కార్మికుడు ఇంటికి చేరిన తర్వాత సంస్థ పత్రాల్లో అతని కథ ముగుస్తుంది. అసలు వైకల్య జీవితం అప్పుడే మొదలవుతుంది. ఇంటి యజమాని స్థానం కొడుకుకు మారుతుంది. తన ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తున్నా తాను దానిలో ఆశ్రితుడైన తండ్రి, తండ్రి శరీరానికి బదులుగా ఉద్యోగం పొందానన్న భారంతో బాయి దిగే కొడుకు – ఈ ఇద్దరి సంబంధం మనస్తత్వశాస్త్రం పరిశీలింపవలసిన అంశం. ఆశ్రితులు ఒకరికంటె ఎక్కువ ఉన్న ఇంట్లో ఉద్యోగం ఒక్కరికే దక్కడం అన్నదమ్ముల నడుమ మరొక చిక్కును తెస్తుంది.

మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలు, స్వయంగా వైకల్యంతో జీవించిన అనితా ఘాయ్ రచనలు ఈ సందర్భంలో ముఖ్యమైనవి. 2003లో వెలువడిన ‘(డిస్)ఎంబాడీడ్ ఫార్మ్’, 2015లో వెలువడిన ‘రీథింకింగ్ డిజెబిలిటీ ఇన్ ఇండియా’ గ్రంథాల్లో ఆమె భారతీయ సమాజం వైకల్యాన్ని లోపంగా, దయకు పాత్రమైనదిగా చూసే తీరును విమర్శించారు. స్త్రీవాదం సైతం వైకల్యం గల స్త్రీని మరచిన సంగతిని ఎత్తిచూపారు. బొగ్గుబెల్టుకు ఈ దృష్టిని అన్వయిస్తే రెండు విషయాలు బయటపడతాయి. అన్‌ఫిట్ అయిన పురుషుని దినచర్యనంతటినీ మోసే భార్య శ్రమకు ఏ ఒప్పందంలోనూ పద్దు లేదు. స్త్రీ ఆశ్రితురాలికి ఉద్యోగానికి ప్రత్యామ్నాయంగా నెలసరి భృతిని చూపిన ఒప్పంద నిబంధన గనిపనిని పురుషుని సొత్తుగా భావించింది.

కాంట్రాక్టు కార్మికుని స్థితి ఇంకా భిన్నం. ఓపెన్‌కాస్ట్ గనుల్లో మట్టి తొలగించే పనిలో ఉన్నవారికి వారసునికి ఉద్యోగమిచ్చే ఒప్పందం వర్తించదు. గాయపడితే పరిహార చట్టం, ఆ తర్వాత సదరం శిబిరంలో పొందే ధ్రువపత్రం, ఆసరా పింఛను – ఇదే వారి దారి. ఆ విధంగా ఒకే పట్టణంలో ఒకే రకమైన గాయానికి మూడు కొలతలున్నాయి. పరిహార కమిషనర్ సంపాదన శక్తిని కొలుస్తాడు. మెడికల్ బోర్డు పనికి అర్హతను కొలుస్తుంది. సదరం శిబిరం 40 శాతం దాటిందో లేదో కొలుస్తుంది. ఒక కొలతలో వికలాంగుడైన వ్యక్తి మరొక కొలతలో కాకపోవచ్చు.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ణయాలకు రావచ్చు. ఒకటి: గోదావరిఖనిలో ‘అన్‌ఫిట్’ అనేది వైద్యపదంగా ప్రవేశించి, నియామకాలు కుంచించుకుపోయిన చారిత్రక సందర్భంలో వారసత్వపదంగా మారింది. రెండు: హక్కుల చట్టాలు వ్యక్తి పనిని కాపాడదలచగా, ఒప్పందాలు కుటుంబ ఉపాధిని కాపాడాయి. ఈ రెండింటినీ కలిపే ఏర్పాటు, అంటే వైకల్యం పొందిన కార్మికుడు గౌరవంగా పనిలో కొనసాగుతూనే బిడ్డ భవిష్యత్తు గురించి నిశ్చింతగా ఉండగలిగే ఏర్పాటు రూపొందలేదు. మూడు: ఏ కొలతకూ అందనందువల్ల మానసిక క్షేమం పత్రాల్లో లేదు. పత్రాల్లో లేనిది చరిత్రలోనూ లేకుండా పోయే ప్రమాదం ఉంది.

బ్రిటిష్ బొగ్గుగనులపై డేవిడ్ టర్నర్, డేనియల్ బ్లాకీ 2018లో ప్రచురించిన అధ్యయనం పారిశ్రామిక విప్లవకాలంలో వైకల్యం గల కార్మికులు గనుల నుంచి అదృశ్యం కాలేదనీ, అనేకులు తిరిగి పనిలోకి వచ్చారనీ చూపింది. సంస్థల పత్రాలతోపాటు కార్మికుల సొంతమాటలనూ ఆధారాలుగా స్వీకరిస్తే తెలుగునేలపైనా అటువంటి చరిత్ర రాయవచ్చు. భూగర్భ గనుల్లో దశాబ్దాలు పనిచేసిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. మెడికల్ బోర్డు ముందు నిలబడిన రోజును వారూ, వారి భార్యాబిడ్డలూ తమ మాటల్లో చెప్పగలరు. ఆ మౌఖిక సాక్ష్యాన్ని చరిత్ర, మనస్తత్వశాస్త్ర విభాగాలు కలిసి సేకరించడం తక్షణ పరిశోధన కర్తవ్యం.